వెనక బ్రేకు ఎడమ రబ్బరు రిమ్మును వదలడం లేదు

ఎదురుగాలి:

అందరికీ నమస్కారం. నా సైకిల్‌కు ముందూ వెనకా హైడ్రాలిక్ రిమ్ బ్రేకులు ఉన్నాయి. డిస్క్ బ్రేకులు కావు, రిమ్మునే రెండు పక్కల నుంచీ నొక్కే రకం. తీగ ఉండవలసిన చోట సన్నని గొట్టం, అందులో నూనె. సైకిల్ వయసు పదకొండేళ్ళు, నా దగ్గరికి వచ్చి మూడేళ్ళు. ఇన్నాళ్ళలో ఈ బ్రేకులు నన్ను ఏమీ అడగలేదు, నేనూ వాటి లోపల ఏముందో చూడలేదు.

పది రోజులుగా వెనక చక్రం దగ్గర ‘ష్ష్’ అని ఒక చప్పుడు వస్తోంది. చక్రం ఒక చుట్టు తిరిగితే ఒకసారి, ఎవరో వెనక కూర్చుని నన్ను మాట్లాడవద్దని వారిస్తున్నట్టు. మడ్‌గార్డు రాసుకుంటోందని అనుకుని రెండు రోజులు దాన్ని వంచుతూ గడిపాను. చివరికి సైకిల్‌ను తలకిందులు చేసి చక్రం తిప్పి చూస్తే దోషి బ్రేకు రబ్బరు. ఎడమవైపుది. ఒకప్పుడు ఒక్క తోపు తోస్తే నేను విసుగెత్తేదాకా తిరిగే చక్రం ఇప్పుడు నాలుగు చుట్లకే ఆగిపోతోంది.

లివర్ నొక్కితే రెండు రబ్బర్లూ ముందుకు వస్తాయి, రిమ్మును గట్టిగానే పట్టుకుంటాయి. వదలగానే కుడిది చటుక్కున వెనక్కి పోతుంది. ఎడమది మాత్రం పొద్దున్నే లేపిన పిల్లవాడిలా కాస్త కదిలి అక్కడే ఉండిపోతుంది.

నేను బడిలో భౌతికశాస్త్రం చెబుతాను. వెర్నియర్ కాలిపర్స్ నా బల్ల సొరుగులోనే ఉంటాయి కాబట్టి కొలవకుండా ఉండలేను. సందులో అట్టముక్కలు దూర్చి, వాటి మందం కొలిచాను. కొత్త రబ్బర్లు వేసిన రోజు రాసిపెట్టుకున్న లెక్క: రిమ్ముకూ రబ్బరుకూ మధ్య కుడివైపు 2 మిల్లీమీటర్లు, ఎడమవైపు 2. నిన్న సాయంత్రం: కుడివైపు 3.5, ఎడమవైపు 0.5. నా వెనక రిమ్ముకు కొంచెం బెండు ఉంది. ఆ బెండు ఎడమకు వచ్చినప్పుడల్లా రబ్బరుకు తగులుతోంది.

ఇంకో వింత. ఎడమ రబ్బరును బొటనవేలితో గట్టిగా తోస్తే వెనక్కి పోతుంది. అలా పోతున్నప్పుడు కుడివైపుది, ఎవరూ ముట్టుకోకుండానే, ముందుకు వస్తుంది. ఇంకోసారి లివర్ నొక్కి వదిలితే మళ్ళీ మొదటికే.

నూనె ఎక్కడా కారడం లేదు. లివర్ గట్టిగానే ఉంది, మెత్తబడలేదు.

సిగ్గుపడుతూ అడుగుతున్నాను. ద్రవం తన మీద పడిన ఒత్తిడిని అన్ని దిక్కులకూ సమానంగా పంచుతుందని ఏటా బోర్డు మీద బొమ్మ వేసి చెబుతాను. ఒకే నూనె, ఒకే లివర్, రబ్బర్లను తోసే పిస్టన్లు రెండూ ఒకే కొలత. మరి ఇవి సమానంగా ఎందుకు కదలడం లేదు? ఇది నూనె మార్చవలసిన పనా, పిస్టన్ కదిలే సిలిండర్ మార్చవలసిన పనా?

గొలుసుకట్టు:

లోపల గాలి చేరి ఉంటుంది. నూనె మొత్తం తీసి కొత్తది ఎక్కించండి. అప్పటికీ కదలకపోతే పిస్టన్ చుట్టూ తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఒక రాత్రి వదిలేయండి. నేను సీటు గొట్టం పట్టేసినప్పుడు అదే చేశాను, మర్నాడు చేత్తో తిప్పితే వచ్చేసింది.

రెండో గేరు:

నా డిస్క్ బ్రేకుకు సరిగ్గా ఇదే జబ్బు వచ్చింది. చక్రం తీసేసి, లివర్‌ను పదిసార్లు నొక్కితే పిస్టన్ కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. దాని చుట్టూ తుడిచి, లోపలికి తోసేయాలి. మూడు నాలుగుసార్లు అలా చేస్తే సాఫీ అవుతుంది. మీదీ అలాగే చేయండి, అరగంట పని.

పాత హబ్బు:

ఎదురుగాలి గారూ, ముందు చేయకూడనివి చెబుతాను. స్ప్రే కొట్టకండి. నూనె మార్చకండి. ఇప్పుడే కాదు.

స్ప్రే సీటు గొట్టానికి మంచిదే. ఇక్కడ అది సీలు, అంటే నూనె బయటికి రాకుండా పిస్టన్ చుట్టూ ఉండే ఉంగరం, దాని అంచు దాటి లోపలికి పోతే నూనెలో కలుస్తుంది. బయటికి కారితే రబ్బరు మీదా రిమ్ము మీదా పడుతుంది. వదలని బ్రేకు విసుగు తెప్పిస్తుంది, అంతే. పట్టని బ్రేకు సంగతి వేరు.

నూనె ఎందుకు మార్చనక్కర లేదో మీ కాగితం మీదే రాసి ఉంది. కొలిచారు కానీ కూడలేదు. 2, 2 కలిపితే 4. 3.5, 0.5 కలిపితే కూడా 4. ఈ బ్రేకులో అదనపు నూనె నిలవ ఉండే తొట్టి లేదు. లివర్‌లో ఒక పిస్టన్, కింద రెండు పిస్టన్లు, మధ్యలో గొట్టం, అంతా మూసిన గది. లివర్ పూర్తిగా వదిలాక కింది రెండు సిలిండర్లలో మిగిలే నూనె ఎప్పుడూ ఒకటే. అది తగ్గి ఉంటే మీ సందుల మొత్తం 4 దాటి పెరిగేది. గాలి చేరి ఉంటే లివర్ మెత్తగా, స్పాంజిని నొక్కినట్టు ఉండేది. మీ నూనె ఎక్కడికీ పోలేదు. ఎడమవైపు వెనక్కి పంపవలసిన వాటా పంపకుండా దాచుకుంది, దాని లోటు కుడివైపు నుంచి భర్తీ అయింది. బొటనవేలితో ఎడమది తోస్తే కుడిది ముందుకు రావడం కూడా అదే. దయ్యం ఏమీ లేదు.

మీ పాఠంలో తప్పేమీ లేదు. నూనె సమానంగా పంచేది ఒత్తిడిని, కదలికను కాదు. రెండు పిస్టన్లలో ఏది తక్కువ మొరాయిస్తే అది ముందు కదులుతుంది. అది రిమ్ముకు తగిలి ఆగాక రెండోది కదులుతుంది. కాబట్టి ముందుకు వచ్చేటప్పుడు రెండూ కలిసి రాకపోవడం జబ్బు కాదు, చాలా మంది దాన్ని చూసి కంగారు పడి బాగున్న బ్రేకును విప్పి పాడు చేసుకుంటారు. చూడవలసింది వదిలాక ఏం జరుగుతోందన్నదే. నొక్కేటప్పుడు పిస్టన్ వెనక మీ చేతి బలం, లివర్ దాన్ని పెంచి ఇచ్చే బలం అన్నీ ఉంటాయి. వెనక్కి రావడానికి ఉన్న బలం అందులో పిసరంత. ముందుకు వెళ్ళేటప్పుడు తెలియని మురికి వెనక్కి వచ్చేటప్పుడు గోడ అవుతుంది.

రెండో గేరు గారి సలహా డిస్క్ బ్రేకుకు నూటికి నూరుపాళ్ళు సరి. అక్కడ తొట్టి ఉంటుంది. పిస్టన్ బయటికి జరిగిన కొద్దీ తొట్టి నుంచి కొత్త నూనె దిగుతుంది, అందుకే పదిసార్లు నొక్కితే పది అడుగులు వేస్తుంది. ఇక్కడ వందసార్లు నొక్కినా పిస్టన్ అక్కడికే వస్తుంది, అక్కడికే పోతుంది. రబ్బర్లు అరిగితే వాటిని దగ్గరికి జరపడానికి లివర్ దగ్గర విడిగా ఒక మర ఎందుకు పెట్టారనుకున్నారు? దాన్ని లోపలికి తిప్పితే లివర్ పిస్టన్ కొంచెం ముందుకు జరిగి రెండు రబ్బర్లనూ ముందుకు తెస్తుంది.

ఇక మీరు చేయవలసినవి.

ఒకటి. రిమ్ము నుంచి కొలవడం మానండి. చక్రం కొంచెం పక్కకు కూర్చున్నా మీకు 3.5, 0.5 వస్తాయి, పిస్టన్లకు ఏ దోషమూ లేకుండానే. సిలిండర్ అంచు నుంచి రబ్బరు వెనక భాగం దాకా ఎంత దూరం ఉందో రెండు వైపులా కొలవండి. ఎడమది ఎక్కువ బయటికి ఉంటే పిస్టన్‌దే తప్పు. సమానంగా ఉంటే చక్రానిది.

రెండు. లివర్ వదిలాక ఒక నిమిషం ఆగి మళ్ళీ కొలవండి. ఎడమది మెల్లగా అయినా చివరికి వెనక్కి వస్తే నూనె దారిలో ఎక్కడో ఇరుకు ఉన్నట్టు. పై నుంచి వచ్చే గొట్టం ఒక సిలిండర్‌కే చేరుతుంది, దాని నుంచి చిన్న గొట్టం చక్రం మీదుగా రెండో దానికి పోతుంది. ఆ చిన్న గొట్టం ఎక్కడైనా నలిగిందేమో చూడండి. ఎంతసేపు ఆగినా రాకపోతే రాపిడి.

మూడు, శుభ్రం చేయడం. చక్రం తీయండి. ఎడమ రబ్బరును నేరుగా బయటికి లాగితే ఊడుతుంది. పక్కకు వంచి పెకలించకండి. చక్రం మళ్ళీ పెట్టి, కుడి రబ్బరుకూ రిమ్ముకూ మధ్య ఉన్న సందు నిండేలా అట్ట మడిచి దూర్చండి. ఇప్పుడు కుడిది కదలలేదు. లివర్ మెల్లగా నొక్కితే కదలవలసినదంతా ఎడమదే కదులుతుంది, మామూలు కంటే రెట్టింపు బయటికి వస్తుంది. అలా పట్టి ఉంచడానికి లివర్‌ను హ్యాండిల్‌కు ఒక రబ్బరు బ్యాండుతో కట్టేయండి. దూది పుల్లను మీ బ్రేకులో వాడే నూనెలోనే ముంచి పిస్టన్ చుట్టూ తిప్పండి. దూది నల్లబడితే పారేసి కొత్తది తీసుకోండి. తెల్లగా వచ్చేదాకా. తర్వాత బ్యాండు తీసి, టైరు విప్పే ప్లాస్టిక్ పుల్లతో పిస్టన్‌ను నిటారుగా లోపలికి తోయండి. స్క్రూడ్రైవర్ వద్దు, పిస్టన్ మీద ఒక్క గీత పడిందంటే సీలును అది రోజూ కోస్తుంది. బయటికి, లోపలికి, పది పన్నెండుసార్లు. చివర పొడి గుడ్డతో తుడవండి, లోపల పడిన నూనె చాలు, పైన మెరిసేది అక్కరలేదు.

నూనె గురించి ఒక మాట. ఈ బ్రేకుల్లో వాడేది మినరల్ ఆయిల్. డాట్ అని రాసి ఉండే వాహనాల బ్రేకు ద్రవం వేరే జాతి. ఒకాయన ‘బ్రేకు నూనె బ్రేకు నూనే కదా’ అని దాన్ని ఎక్కించి, వారం తర్వాత నా దగ్గరికి తెచ్చాడు. సీళ్ళు ఉబ్బి, పిస్టన్లు సిలిండర్లలో కాంక్రీటు పోసినట్టు బిగుసుకుపోయాయి. నాలుగూ పారేయవలసి వచ్చింది. మీ సైకిల్ రెండో చేతిది అంటున్నారు కాబట్టి చెబుతున్నాను, అంతకు ముందు ఎవరేం పోశారో ఎవరికి తెలుసు.

ఈ రకం బ్రేకులు విప్పేవాళ్ళు ఇప్పుడు తక్కువ. మగురా అనే జర్మన్ కంపెనీ వాళ్ళు వీటిని 1987లో తెచ్చినప్పుడు కొండ సైకిళ్ళ వాళ్ళు ఎగబడ్డారు, తర్వాత డిస్క్ వచ్చి అటు లాక్కుపోయింది. బండల మీద ఎగిరే ట్రయల్స్ వాళ్ళు, దూరాలు పోయే మీలాంటి వాళ్ళు మాత్రం వదల్లేదు. నాకూ వీటి మీద ఒక పక్షపాతం ఉంది, దాచను.

ఎదురుగాలి:

పాత హబ్బు గారూ, కూడలేదన్న మాట నాకు బాగా తగిలింది. ఆ రెండు అంకెల పంక్తుల కింద ఎర్ర సిరాతో నాకు నేనే సున్నా వేసుకున్నాను.

సిలిండర్ అంచు నుంచి కొలిచాను. ఎడమది కుడిదాని కంటే సరిగ్గా 3 మిల్లీమీటర్లు ఎక్కువ బయటికి ఉంది. అంటే చక్రం నిర్దోషి. ఒక నిమిషం కాదు, ఐదు నిమిషాలు ఆగి చూశాను. వెంట్రుకవాసి కూడా కదలలేదు. చిన్న గొట్టాన్ని వేళ్ళతో ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తడిమాను, నలుగుడు లేదు.

శుభ్రం చేసే పని నిన్న రాత్రి పెట్టుకున్నాను. ఎడమ రబ్బరు ఊడడానికే పావుగంట పట్టింది, ఊడినప్పుడు వచ్చిన ‘టప్’ శబ్దానికి ఏదో విరిగిందని గుండె ఆగింది. విరగలేదు. లివర్‌ను బ్యాండుతో కట్టి టార్చి వేసి చూస్తే పిస్టన్ చుట్టూ ఒక నల్లని ఉంగరం. సగం దుమ్ము, సగం అల్యూమినియం పొడి, అన్నీ కలిసి పాత నూనెలో నాని ఎండిపోయిన ముద్ద. రిమ్ము అరిగి రాలే ఆ బూడిదరంగు పొడే ఇదని దూదిని వేళ్ళ మధ్య నలిపితే తెలిసింది, పెన్సిలు ముక్కు పొడిలా మెరుస్తోంది. పదిహేడు దూది పుల్లలు అయ్యాయి. పదో పుల్ల దాకా నలుపు, తర్వాత బూడిద, చివరి రెండూ తెలుపు.

ఒక సంగతి గమనించాను, ముఖ్యమో కాదో తెలియదు. పిస్టన్ ఒక పక్క మాత్రమే అద్దంలా మెరుస్తోంది, ఎదుటి పక్క మసకగా ఉంది.

బిగించాక కొలత: కుడి 2.1, ఎడమ 1.9. ఈ పొద్దున బడికి వెళ్ళేటప్పుడు చప్పుడు లేదు. ధన్యవాదాలు.

నీలిచక్రం:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాకూ ఇవే బ్రేకులు. ఎండలో సైకిల్ నిలిపి రెండు గంటల తర్వాత వస్తే ముందు చక్రం పట్టేసి ఉంటుంది, సాయంత్రానికి దానంతట అదే వదులుతుంది. నేనూ పిస్టన్ తుడవాలా?

పాత హబ్బు:

నీలిచక్రం గారూ, పట్టేది ఒక రబ్బరా, రెండూనా? రెండూ అయితే మీ పిస్టన్లు బాగున్నాయి. నూనె వేడికి వ్యాకోచిస్తుంది, పొంగిన నూనె పోవడానికి తొట్టి లేదు, కాబట్టి రెండు రబ్బర్లనూ ముందుకు తోస్తుంది. మీ రబ్బర్లు రిమ్ముకు మరీ దగ్గరగా పెట్టుకున్నారు. లివర్ దగ్గరి మరను ఒక చుట్టు బయటికి తిప్పండి. కొత్త రబ్బర్లు వేసినప్పుడు దాన్ని మొత్తం వెనక్కి తిప్పి మొదలుపెట్టాలి, చాలా మంది మరిచిపోతారు.

ఎదురుగాలి గారూ, ఆ మెరుపు ముఖ్యమే. మంచి వార్త కాకపోవచ్చు. మూడు నాలుగు రోజులు తొక్కి చెప్పండి.

ఎదురుగాలి:

మీరు అన్నంతా అయింది. రెండో రోజు సాయంత్రానికి కుడి 2.8, ఎడమ 1.2. ఇవాళ కుడి 3.2, ఎడమ 0.8. మొత్తం మాత్రం ఎప్పుడూ నాలుగే, ఈసారి కూడాను. చప్పుడు ఇంకా రాలేదు కానీ దారిలో ఉంది.

మళ్ళీ తుడిచాను. ఈసారి దూది తెల్లగానే వచ్చింది. మురికి లేకుండా ఎందుకు పట్టేస్తోంది? ఇక సిలిండర్ మార్చడమేనా?

పాత హబ్బు:

ఆగండి. కొత్త సిలిండర్ తెచ్చి అదే చోట అదే రీతిలో బిగిస్తే అదీ పట్టేస్తుందేమో.

పిస్టన్ ఒక పక్కే మెరుస్తోందంటే సిలిండర్‌లో అది నిటారుగా నడవడం లేదు, ఒక గోడకు ఒరుసుకుంటూ నడుస్తోంది. దానికి నాకు తెలిసి రెండు కారణాలు. రబ్బరు రిమ్ముకు సమంగా కాక ఏటవాలుగా తగలడం. చక్రం తిరుగుతూ రబ్బరును తనతో లాగుతుంది కదా, ఏటవాలుగా ఉంటే ఆ లాగుడు పిస్టన్‌ను ఇంకా వంచుతుంది. రెండోది, సిలిండర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే పట్టీ అతిగా బిగించడం. సిలిండర్ గోడ పలుచన. పట్టీ పిసికితే లోపలి గుండ్రం గుండ్రంగా ఉండదు. మనకు కంటికి కనబడదు, పిస్టన్‌కు తెలుస్తుంది.

తేల్చడానికి సులువైన దారి ఉంది. ఎడమ సిలిండర్‌ను ఫ్రేము నుంచి విప్పండి. గొట్టం తీయకండి, మర విప్పితే గొట్టంతోనే వేలాడుతుంది. కుడివైపు అట్ట అలాగే దూర్చి ఉంచండి. ఎడమ సిలిండర్‌ను చేత్తో పట్టుకుని లివర్‌ను సగం దాకా నొక్కి వదలండి. పూర్తిగా నొక్కకండి, ఎదుట ఆపేది ఏదీ లేదు. ఏం జరుగుతుందో చూడండి.

ఇంకో ప్రశ్న. ఈ చప్పుడు మొదలయ్యే ముందు ఆ సిలిండర్‌ను ఎవరైనా విప్పి బిగించారా?

ఎదురుగాలి:

మీ చివరి ప్రశ్న చదివి కుర్చీలో వెనక్కి వాలి కాసేపు పైకప్పు చూశాను.

విప్పింది నేనే. మూడు వారాల కిందట వెనక టైరు మార్చాను. పాతది 37 మిల్లీమీటర్లు, కొత్తది 42. గాలి నింపిన 42 రబ్బర్ల మధ్య నుంచి దూరలేదు. ఎడమ సిలిండర్ విప్పి, చక్రం ఎక్కించి, మళ్ళీ బిగించాను. నేను రోజూ దిగే వాలు నిటారుగా ఉంటుంది, అడుగున మలుపు. అక్కడ బ్రేకు ఊడితే ఏమవుతుందో ఊహించుకుంటూ బిగించాను. పొడుగు కీతో. మోకాలు ఫ్రేముకు ఆన్చి. మర ‘కిర్’ అన్న తర్వాత కూడా ఇంకొంచెం. భయం మీద బిగించినది ఎంత బిగుస్తుందో మీకు తెలిసే ఉంటుంది.

ఇంత పొడుగు ప్రశ్న రాసి, గొట్టం నుంచి గాలి దాకా అన్నీ చెప్పి, ఈ ఒక్క సంగతి రాయలేదు. నా దృష్టిలో అది ‘టైరు మార్చడం’, బ్రేకు పని కాదు.

మీరు చెప్పినట్టు విప్పి చేతిలో పట్టుకుని లివర్ నొక్కాను. పిస్టన్ వెన్నలో కత్తిలా వచ్చింది. వదిలాను, ‘టుక్’ అని లోపలికి పోయింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ ‘టుక్’. అరచేతిలో ఒక చిన్న జీవి ఊపిరి తీసుకుంటున్నట్టు ఉంది. ఎన్నిసార్లు చేశానో చెప్పను.

తర్వాత ప్రయోగం సరిగ్గా చేశాను. రబ్బరు తొడిగి, సిలిండర్‌ను పట్టీలో పెట్టి మరను చేతివేళ్ళతో తిప్పగలిగినంత తిప్పాను. లివర్ నొక్కి వదిలాను: ‘టుక్’. పొట్టి కీతో పావు చుట్టు: ‘టుక్’. ఇంకో పావు: ‘టుక్’. సిలిండర్‌ను పట్టుకుని ఊపాను, కదలలేదు. నిజానికి పని అక్కడికే అయిపోయింది. కానీ తెలుసుకోవాలని పొడుగు కీ తీసి ఇంకో పావు చుట్టు వేశాను. చప్పుడు లేదు. పిస్టన్ మెల్లగా వెనక్కి వచ్చింది. ఇంకో పావు వేస్తే వచ్చింది కానీ సగంలో ఆగిపోయింది. నేను మొదట బిగించినది దీని కంటే ఎంత ఎక్కువో లెక్క వేయదలచుకోలేదు.

వెనక్కి తిప్పి, మాన్యువల్‌లో చెప్పిన బిగువుకు, బిగువును కొలిచే టార్క్ రెంచితో బిగించాను. నా మోకాలి బిగువుతో పోలిస్తే అది పలకరింపు లాంటిది. మర తలకూ పట్టీకీ అడ్డంగా తెల్ల పెయింటుతో ఒక గీత గీశాను, మర జరిగితే గీత విరుగుతుంది, చూస్తే తెలిసిపోతుంది. రబ్బరు రిమ్ముకు సమంగా తగిలేలా, సిలిండర్‌ను పట్టీలో తిప్పి చూసుకుని మరీ బిగించాను.

ఇది జరిగి ఆరు రోజులు. వాలు రోజూ దిగాను. గీత విరగలేదు. కుడి 2.0, ఎడమ 2.0.

ఒక్కటి మిగిలింది. ఈ మూడు వారాల్లో ఎడమ రబ్బరు ఏటవాలుగా అరిగింది, ముందు అంచు వెనక అంచు కంటే దాదాపు ఒక మిల్లీమీటరు పలుచన. దాన్ని ఉంచవచ్చా, పారేయాలా?

గొలుసుకట్టు:

స్ప్రే మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పాత హబ్బు:

పారేయకండి. అరుగుదల గుర్తుగా ఉన్న గాడి ఇంకా కనబడుతోంటే దాంట్లో జీవం ఉన్నట్టే. రబ్బరు ఊడదీసి, గరుకు కాగితాన్ని చదునైన బల్ల మీద పరిచి, రబ్బరును దాని మీద ఒకే దిశలో రుద్దండి. ముందు అంచూ వెనక అంచూ ఒక మట్టానికి వచ్చేదాకా. మెరిసే అల్యూమినియం రవ్వలు ఏవైనా అందులో గుచ్చుకుని కనబడితే సూదితో తీసేయండి, అవి రిమ్మును గీరుతాయి. తిరిగి వేశాక రబ్బరు పలుచబడి ఉంటుంది కాబట్టి ఎడమ సందు కొంచెం ఎక్కువ కనబడుతుంది. మీ మొత్తం నాలుగు దాటుతుంది. కంగారు పడి మళ్ళీ పొడుగు కీ తీయకండి, లివర్ దగ్గరి మర తిప్పితే చాలు.